నేల విడవని యువకుడు

ధవళ సహకార పాడి సమాఖ్యలో పనిచేసేవాళ్లందరిలోకీ ఆ సంస్థ మజ్జిగను మనసారా ఇష్టపడి తాగే మనిషి భానోజీరావు ఒక్కడే. మిగతావాళ్లు తాగరని కాదు. క్యాంటీన్లో ఊరికే ఇస్తారు కాబట్టి తాగుతారు. భానోజీ సంగతి వేరు. మధ్యాహ్నం భోజనం అయ్యాక ప్యాకెట్ మూల కొరికి, గ్లాసులో పోసుకుని, అల్లం అడుక్కి దిగిపోకుండా ఒకసారి గుండ్రంగా తిప్పి, కళ్లు మూసుకుని తాగేవాడు. తాగాక "అబ్బ" అనేవాడు. ఆ తర్వాత కాసేపు అతన్ని ఎవరు పలకరించినా బదులు వచ్చేది కాదు.

అతనికి ఇరవై నాలుగేళ్లు. కాకినాడ శివార్లలోని ఆ సమాఖ్యలో, సరఫరా విభాగంలో జూనియర్ అసిస్టెంటు. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాడు. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి వరహాలమ్మ జాకెట్లు కుట్టి డిగ్రీ దాకా చదివించింది. ఉద్యోగం పర్మినెంటయితే ఆవిడ చేత కుట్టుమిషను మాన్పించాలని అతని కోరిక. పుట్టుకతోనే నిదానస్తుడు. క్రికెట్ మ్యాచ్‌లో మనవాళ్లు ఆఖరి బంతికి గెలిచినా కూర్చున్న చోటి నుంచే చప్పట్లు కొట్టే రకం.

ఆ వేసవిలో సమాఖ్యకు ఒక బెంగ పట్టుకుంది. యువత మజ్జిగ తాగడం లేదట. మేనేజింగ్ డైరెక్టర్ కోటిలింగేశ్వరరావు గారు పాలకవర్గ సమావేశంలో లేచి, "యువత చేజారిపోతోంది. మనం యువతతో యువత భాషలో సంభాషించే దిశగా అడుగులు వేయవలసిన తరుణం ఆసన్నమైంది" అన్నారు. అందరూ బల్లలు చరిచారు. హైదరాబాదు నుంచి ఒక ప్రకటనల కంపెనీ వచ్చింది.

కంపెనీ వాళ్లు మొదట మజ్జిగ పేరు మార్చారు. మజ్జిగ అంటే ముసలివాసన వస్తోందట. 'మజ్జ్' అన్నారు. తర్వాత ప్రకటన తీశారు. అందులో నలుగురు కుర్రకారు. ఒకడికి నీలం జుట్టు. ఇంకొకడి మెడలో గిటారు, వాయించడు. ఒక అమ్మాయి జీపులో సీట్లు ఖాళీగా ఉన్నా బానెట్ మీద కూర్చుంటుంది. నలుగురూ దేనికో తెలియకుండా నవ్వుతూ ఉంటారు. ఇంతలో మజ్జ్ తాగుతారు. తాగగానే నలుగురూ నేల విడిచి కొబ్బరిచెట్ల మీదుగా మబ్బుల్లోకి లేచిపోతారు. "మజ్జ్ కొట్టు బ్రో! నేల మీద ఉండలేవు బ్రో!" అని వెనక నుంచి ఒక గొంతు అరుస్తుంది.

ప్రకటన చూశాక పాలకవర్గం చైర్మన్ గారికి ఒక్క సందేహం వచ్చింది. "బ్రో అంటే ఏంటయ్యా?"

"తమ్ముడూ అని సార్," అన్నాడు కంపెనీ ప్రతినిధి.

"మరి ఆ ఆడపిల్లని కూడా బ్రో అంటున్నారే?"

"యువతలో అది గౌరవం సార్."

చైర్మన్ గారు గౌరవానికి ఎదురు చెప్పే మనిషి కాదు. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. భానోజీ ఆ ప్రకటనను క్యాంటీన్ టీవీలో చూశాడు. కంగారుగా కొత్త ప్యాకెట్ ఒకటి చించి రుచి చూశాడు. లోపల పాత మజ్జిగే ఉంది. కుదుటపడ్డాడు.

చిక్కంతా పెద్దాపురం నుంచి వచ్చింది. అక్కడ తూనికలు, కొలతల శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నాడు. సర్వీసంతా తక్కెడల్లో తేడాలు పట్టిన మనిషి. ఆయన మనవడు మజ్జ్ తాగాడు. ఎగరలేదు. ఇంకోటి తాగాడు. ఎగరకపోగా పడుకున్నాడు. పెద్దాయన వెంటనే ప్రకటనల యథార్థతా పరిశీలక మండలికి ఫిర్యాదు రాశాడు. మండలి నుంచి సమాఖ్యకు నోటీసు వచ్చింది: యువత మీ మజ్జిగ తాగిన మీదట నేల మీద ఉండజాలదని నిరూపించవలెను, లేనియెడల 'ఈ మజ్జిగ తాగితే ఎవరూ ఎగరరు' అని అన్ని పత్రికల్లో మొదటి పేజీలో వేయించవలెను.

అత్యవసర సమావేశం జరిగింది. పర్సనల్ మేనేజరు దక్షిణామూర్తి గారు, నియమావళి కంఠతా వచ్చిన మనిషి, గొంతు సవరించుకున్నారు.

"సార్, ఈ ప్రకటన పాలకవర్గ తీర్మానం పొందినది. పాలకవర్గ తీర్మానం అబద్ధం కాజాలదు. ప్రకటనకూ వాస్తవానికీ తేడా వచ్చినప్పుడు, తీర్మానం ద్వారా ఆమోదం పొందనిది ఏదో దాన్నే సవరించాలి."

"అంటే?"

"వాస్తవాన్ని సార్. దానికి తీర్మానం లేదు."

ఎండీ గారి ముఖం వికసించింది. మర్నాడే సర్క్యులర్ వెలువడింది: ముప్పై ఏళ్ల లోపు ఉద్యోగులందరూ ప్రతిరోజూ పని వేళల్లో, సమాఖ్య మజ్జిగను సేవించిన తక్షణం, స్వచ్ఛందంగానూ విధిగానూ నేల విడవవలెను. యువజన లక్షణములను పర్యవేక్షించుటకు ఒక అధికారిని నియమించడమైనది.

ఆ అధికారి ఎవరన్నదాని మీద కొంత చర్చ జరిగింది. యువతను నడిపించాలంటే యువత విషయంలో సుదీర్ఘ అనుభవం ఉండాలి, యౌవనాన్ని ఆసాంతం పూర్తిచేసినవాళ్లయితే మరీ మంచిది అన్నారు దక్షిణామూర్తి గారు. ఆ లెక్కన ప్రచార విభాగంలో రిటైర్మెంటుకు దగ్గరపడిన ఆనందవల్లి గారు కుదిరారు. ఆవిడ మెత్తని మనిషి. ఫైళ్లలో ఎవరి మీదా కటువుగా ఒక్క మాట రాసి ఎరగదు.

రోజూ పదకొండింటికి, వ్యాన్లలోకి ట్రేలు ఎక్కించే అరుగు మీద శిక్షణ మొదలైంది. ముప్పై లోపువాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉన్నారు. అందరిలోకీ హుషారు అకౌంట్స్‌లో పనిచేసే మేరీ సుజన. జిల్లా వాలీబాల్ జట్టులో ఆడిన పిల్ల. ఆమెకు ఎగరడం ఒక లెక్కలోది కాదు. ప్యాకెట్ చించకముందే ఎగిరేది.

"తాగాక ఎగరాలమ్మా," అని ఆనందవల్లి గారు బతిమాలేవారు.

"తాగుతాంగా మేడమ్, ఆ సంతోషానికి!" అనేది సుజన, మళ్లీ ఎగురుతూ.

భానోజీ వంతు వచ్చింది. మజ్జిగ తాగాడు. కళ్లు మూసుకున్నాడు. "అబ్బ" అన్నాడు. అరుగు మీద అలాగే నిలబడిపోయాడు.

ఆనందవల్లి గారు కంపెనీ వాళ్లిచ్చిన మార్గదర్శక పుస్తకం తీశారు. యువత అనగా ఎవరు, ఎలా ఉంటుంది అన్నది అందులో బొమ్మలతో సహా ఉంది. యువత నిటారుగా నిలబడదు. యువత వాక్యం పూర్తిచేయదు. యువత ఎల్లప్పుడూ నలుగురుగా ఉంటుంది.

"బాబూ భానోజీ," అన్నారావిడ నెమ్మదిగా, "ఒక్కసారి ఏ కారణమూ లేకుండా నవ్వు నాయనా, చూద్దాం."

భానోజీ ప్రయత్నించాడు. కడుపునొప్పి వచ్చినవాడిలా అయింది ముఖం.

"పోనీ చేతులు గాల్లోకి విసురు."

విసిరాడు. దూరం నుంచి చూసిన వ్యాన్ డ్రైవరు తనని ఆగమంటున్నాడనుకుని బ్రేకు వేశాడు.

"మీ పేరుతోనే వచ్చింది తంటా," అన్నది సుజన జాలిగా. "భానోజీరావు అంటే ఎవరికైనా రిటైరైన తహసీల్దారు గుర్తొస్తాడండి. ఎగరబుద్ధెలా వేస్తుంది?"

ఆ రాత్రి అతనికి నిద్ర సరిగా పట్టలేదు. ఇరవై నాలుగేళ్లు వచ్చాయంటే తాను యువకుడినే అనుకుంటూ వచ్చాడు ఇన్నాళ్లూ. అది ఎవరైనా పరీక్షపెట్టి తేల్చాల్సిన సంగతని అతనికి తట్టలేదు. తెల్లవారగానే డాబా ఎక్కి ఎవరూ చూడకుండా ఎగరడం మొదలెట్టాడు. బట్టలు ఆరేద్దామని వచ్చిన వరహాలమ్మ చేతిలోని బకెట్ కింద పడేసింది.

"ఏరా, తేలు గానీ కుట్టిందా?"

"లేదమ్మా. ఆఫీసు పని."

"పాల ఆఫీసులో ఇదేం పనిరా?"

"మజ్జిగ తాగితే ఎగరాలంట అమ్మా. ఎగిరితేనే ఉద్యోగం పర్మినెంట్ చేస్తారేమో."

ఆవిడ కొడుకును ఎగాదిగా చూసింది. "నీకు ఉగ్గు పట్టినప్పుడే కాళ్లాడించే అలవాటు లేదు. ఎవరు చెప్పారో గానీ వాళ్లకి పిల్లల్ని పెంచిన అనుభవం లేదు," అని బట్టలు పిండుకుంది.

వారం తిరగకుండా భానోజీకి మెమో అందింది. 'సర్వీసు రికార్డు ప్రకారం మీరు యువకులు. అయితే సదరు లక్షణములు మీ ప్రవర్తన యందు కానరాలేదు. యువత మజ్జిగ తాగిన మీదట నేల విడుచును. మీరు విడువలేదు. కావున మీరు యువత కారు. యువత కానివారి వయసు ముప్పై దాటి ఉండును. ఈ ఉద్యోగమునకు గరిష్ఠ వయోపరిమితి ముప్పై. కావున మీ నియామకమును ఏల రద్దు చేయరాదో తెలుపవలెను.' కింద దక్షిణామూర్తి గారి సంతకం.

భానోజీ ఆ కాగితం పట్టుకుని ఆయన గదికి వెళ్లాడు. "సార్, నాకు బర్త్ సర్టిఫికెట్ ఉందండి."

"అది పుట్టినట్టు ధ్రువపత్రమయ్యా. యువత అన్నట్టు కాదు. నేనూ పుట్టాను. నాకూ ఉంది," అన్నారాయన.

ఈ తర్కం అక్కడితో ఆగి ఉంటే ఒక్క భానోజీ ఉద్యోగం పోయి ఊరుకునేది. కానీ బాయిలర్ దగ్గర పనిచేసే సింహాద్రి ఆ మెమో సంగతి విన్నాడు. ఎగరనివాడు యువకుడు కాకపోతే ఎగిరినవాడు యువకుడేగా అనుకున్నాడు. ఆ నెలాఖరుకు అతని రిటైర్మెంటు. పదకొండింటికి నేరుగా అరుగు మీదికి వచ్చి, మజ్జిగ తాగి, ఎగిరి, తన రిటైర్మెంటు వాయిదా వేయాలని అర్జీ పెట్టుకున్నాడు. దక్షిణామూర్తి గారు నియమావళి ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ తిరగేశారు. తప్పు పట్టడానికి వీల్లేకపోయింది. సింహాద్రికి యువజన ధ్రువపత్రం మంజూరైంది.

ఇక మర్నాటి నుంచి అరుగు చాల్లేదు. స్టోర్సు, టైపు సెక్షను, మూడు షిఫ్టుల పెద్దలు మోకాళ్లకు పట్టీలు కట్టుకుని వచ్చారు. జుట్టుకు రంగులు వేసుకున్నారు. "సింహాద్రి బ్రో, కాస్త జరుగుదురూ" అని ఒకరినొకరు మర్యాదగా పిలుచుకున్నారు. సమాఖ్య డిస్పెన్సరీలో నొప్పుల నూనె అయిపోయింది. నెలాఖరుకల్లా సమాఖ్యలో యువత శాతం తొంభై దాటిందని ఎండీ గారు పత్రికలకు ప్రకటన ఇచ్చారు. పెద్ద అధికారులు పోను, యువత కానివాళ్లుగా మిగిలింది భానోజీ, ఆనందవల్లి గారు.

"మీరు ఎగరలేదేం మేడమ్? మీకూ పొడిగింపు వచ్చేదిగా," అని అడిగాడు భానోజీ ఒకరోజు.

"నేను యువతనని చెబితే నా మోకాళ్లు ఒప్పుకోవు నాయనా," అని నవ్విందావిడ. తర్వాత గొంతు తగ్గించింది. "రేపు మండలి నుంచి తనిఖీకి వస్తున్నారు. ఆ ఒక్కరోజు ఎగిరెయ్యి బాబూ. ఒక్క జానెడు చాలు. నీ ఉద్యోగం నిలబడుతుంది. మిగిలింది నేను చూసుకుంటాను."

భానోజీ తలూపాడు. ఎగరాలనే నిశ్చయించుకున్నాడు. అమ్మ మిషను తొక్కేటప్పుడు నొప్పి పుట్టి ఆగి పాదం రుద్దుకోవడం కళ్లలో మెదిలింది. జానెడు ఎత్తుకు ఎందుకింత ఆలోచన అని తనను తానే కోప్పడ్డాడు.

మర్నాడు ఎండ మండిపోతోంది. గేటు దగ్గర పూలదండతో నిలబడ్డ ఎండీ గారి ముందు ఆటో ఆగింది. చేతిలో ఫైలు, భుజాన సంచి, చెమటతో తడిసిన ముఖంతో ఒక అమ్మాయి దిగింది. ఆమె వెనక ఇంకెవరైనా దిగుతారేమోనని ఎండీ గారు తొంగి చూశారు.

"ఆఫీసరు గారు ఎక్కడమ్మా?"

"నేనేనండి. నస్రీన్. పరిశీలనాధికారిని."

ఆమెకు ఇరవై ఏడో ఎనిమిదో ఉంటాయి. నవ్వలేదు, చేతులు విసరలేదు, వాక్యాలన్నీ పూర్తిచేసింది. దక్షిణామూర్తి గారు అనుమానంగా చూశారు గానీ ఆమె తమ ఉద్యోగి కాదు కాబట్టి మెమో ఇవ్వడానికి వీల్లేకపోయింది.

ప్రదర్శన మొదలైంది. సింహాద్రి ఎగిరాడు. స్టోర్సు వాళ్లు ఎగిరారు. ఉత్సాహం ఆపుకోలేక దక్షిణామూర్తి గారు కూడా ఎగిరారు. దిగేటప్పుడు నడుం పట్టేసి, వంగినవారు వంగినట్టే పక్కకు నడిచివెళ్లారు.

నస్రీన్ అందరినీ ఓపిగ్గా చూసింది. "ముప్పై లోపు వాళ్లు ఎవరండీ ఇందులో?" అని అడిగింది.

"అందరూ యువతేనమ్మా. ధ్రువపత్రాలు ఉన్నాయి," అన్నారు ఎండీ గారు.

"పుట్టిన తేదీ ప్రకారం."

పెద్దలంతా ఒక్కొక్కరుగా వెనక్కి జరిగారు. సుజన ముందుకొచ్చి ట్రేల వరుసను దాటుకుంటూ ఎగిరింది. నస్రీన్ కళ్లల్లో మెచ్చుకోలు కనబడింది. "బాగా ఎగిరారండి. కానీ మీరింకా ప్యాకెట్ చించలేదు," అని చెప్పి ఫైల్లో రాసుకుంది.

చివరికి భానోజీ. అరుగు రేకులు కాలిపోతున్నాయి. చొక్కా వీపుకు అంటుకుపోయింది. కోల్డ్ రూములోంచి అప్పుడే తెచ్చిన ప్యాకెట్ చేతికిచ్చారు. ఎగరాలి, ఎగరాలి అని మనసులో అనుకుంటూనే గ్లాసులో పోశాడు. అలవాటుగా ఒకసారి తిప్పాడు. గొంతులోకి చల్లగా దిగింది. అల్లం ఘాటు, కరివేపాకు వాసన, ఆ వెనకే సన్నటి ఉప్పదనం. కళ్లు మూతపడ్డాయి.

"అబ్బ," అన్నాడు.

ఎండీ గారు దగ్గారు. ఆనందవల్లి గారు చేత్తో పైకి, పైకి అని సైగ చేశారు. సుజన "భానోజీ గారూ!" అని గుసగుసగా కేక వేసింది. అతనికి వినబడలేదు. కళ్లు తెరిచేసరికి ఎదురుగా నస్రీన్ నిలబడి ఉంది.

"మీరు ఎగరలేదేమండీ?"

భానోజీకి అప్పుడు గుర్తొచ్చింది. "మర్చిపోయానండి," అన్నాడు.

ఆమె అతని ముఖం కేసి కాసేపు చూసింది. "నాకూ ఒకటి ఇస్తారా?" అని అడిగింది. బోర్లించిన ట్రే మీద కూర్చుని తాగింది. భుజాన సంచి దించి పక్కన పెట్టింది. అంత ఎండలోనూ, అంతమంది చూస్తుండగానూ, ఆమె కాసేపు కళ్లు మూసుకుని కూర్చుంది.

ఆ తర్వాత రాసిన ఉత్తర్వు చిన్నదే. మజ్జిగ మంచిది. ప్రకటన అబద్ధం. ఇకమీదట యువత మజ్జిగ తాగితే ఏం జరుగుతుందో అదే చూపవలెను.

సమాఖ్య కుంగిపోతుందని భానోజీ అనుకున్నాడు. మెమోకు జవాబు కూడా రాసిపెట్టుకున్నాడు. కానీ ఎండీ గారు ఉత్తర్వు చదివి ఉప్పొంగిపోయారు. "యువత అంటే ఏమిటో మండలే తేల్చి చెప్పింది! ఇన్నాళ్లూ మనం పొరబడ్డాం. యువత ఎగరదు. యువత కళ్లు మూసుకుంటుంది!"

హైదరాబాదు కంపెనీ మళ్లీ వచ్చింది. కొత్త ప్రకటనలో అదే నీలం జుట్టు కుర్రాడు, గిటారువాడు, బానెట్ అమ్మాయి కళ్లు మూసుకుని కూర్చుని ఉంటారు. "మజ్జ్ కొట్టు బ్రో. మాట్లాడకు బ్రో," అంటుంది గొంతు, ఈసారి గుసగుసగా. పాలకవర్గం బల్లలు చరిచింది. భానోజీ ఉద్యోగం ఆ రోజే పర్మినెంటయింది. అతన్ని ఆదర్శ యువకుడిగా ప్రకటించి శాలువా కప్పారు. ఎగిరి తెచ్చుకున్న ధ్రువపత్రాలన్నీ రద్దయి, సింహాద్రి బ్రో గౌరవంగా రిటైరయ్యాడు. వరహాలమ్మ మిషను అమ్మడానికి ఒప్పుకోలేదు గానీ, బయటి జాకెట్లు మానేసి కొడుక్కి చొక్కాలు మాత్రం కుడతానంది.

కొత్త సర్క్యులర్ ప్రకారం ముప్పై లోపువాళ్లందరూ మజ్జిగ సేవించిన పిమ్మట కదలక, పలకక కూర్చోవాలి. సుజన ఒక్కరోజు కూడా కూర్చోలేకపోయింది. నడుస్తూ తాగేది. తాగుతూ మాట్లాడేది. ఆమెకూ ఇంకా ప్రొబేషన్ పూర్తికాలేదు. మెమో వచ్చింది: 'మీయందు మితిమీరిన చలనము గమనించబడినది. యువత కదలదు. మీరు కదిలితిరి. కావున…'

సుజన ఆ కాగితం తెచ్చి భానోజీ బల్ల మీద పెట్టింది. ఎప్పుడూ లేనిది, ఆమె ముఖం వాడిపోయి ఉంది. "ఎలా కూర్చుంటారండీ మీరు? నాకూ కాస్త నేర్పండి."

భానోజీ నేర్పబోయాడు. ఇద్దరూ అరుగు అంచున కూర్చుని చెరో ప్యాకెట్ తీసుకున్నారు. అతను కళ్లు మూసుకుని తెరిచేసరికి సుజన అక్కడ లేదు. వ్యాన్ నుంచి జారిపోతున్న ట్రేను ఒక్క గెంతులో వెళ్లి గాల్లోనే పట్టుకుని ఉంది. పట్టుకున్నందుకు ఆనందం, కదిలినందుకు భయం, రెండూ ఆమె ముఖంలో ఒకేసారి కనిపించాయి. అది చూసి భానోజీకి మనసులో ఎక్కడో గుచ్చుకుంది. తాను ఒకరోజు ఎగరడం మర్చిపోయినందుకు ఈ పిల్ల జన్మంతా కూర్చోవాలా?

"మీకేం నేర్పక్కర్లేదండి," అన్నాడు. "జవాబు రాద్దాం రండి."

ఇద్దరూ కూర్చుని రాశారు. సుజన రాసింది: 'అయ్యా, నేను యువతను కాను. సుజనను.' భానోజీ ఆ కింద తన వంతు రాశాడు: 'నేనూ యువతను కాను. భానోజీరావును. నన్ను చూసి ఇంకెవరినీ కూర్చోబెట్టవద్దని మనవి.' ఇద్దరూ సంతకాలు చేశారు.

దక్షిణామూర్తి గారు దాన్ని నడుం బెల్టుతోనే నిలబడి చదివారు. ఉద్యోగులు తాము యువత కామని లిఖితపూర్వకంగా అంగీకరించినప్పుడు ఏ క్లాజు వర్తించునో తెలుపగోరుచూ, యువజన లక్షణాధికారి అభిప్రాయం కోసం పంపారు.

ఆనందవల్లి గారికి అదే ఆఖరి పనిదినం. బల్ల మీద పూలగుత్తులు, ఒక గోడ గడియారం, విప్పని స్వీట్ల పెట్టె ఉన్నాయి. ఆవిడ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. సర్వీసులో ఎన్నో ఫైళ్ల మీద 'చూడబడినది' అనీ 'పరిశీలించవచ్చును' అనీ 'తగు చర్య నిమిత్తం' అనీ రాసింది. కలం మూత తీసి, ఈసారి మార్జిన్‌లో ఒకే మాట రాసి, సంతకం పెట్టి, సంచి తీసుకుని ఇంటికి వెళ్లిపోయింది.

ఆవిడ రాసింది 'నిజమే' అని.

ఆ మాట ఏ నిబంధన కిందికి వస్తుందో పర్సనల్ విభాగంలో ఎవరికీ అంతుపట్టలేదు. న్యాయ సలహాకు పంపారు. అక్కడి నుంచి ఎండీ గారికి, ఎండీ గారి నుంచి పాలకవర్గానికి, పాలకవర్గం నుంచి మళ్లీ పర్సనల్‌కు వచ్చింది. అది తేలేదాకా సుజన మీద చర్య తీసుకోవడానికి వీల్లేదు. ఆమె నడుస్తూ తాగుతోంది, ఫైలు ఇంకా తిరుగుతోంది.